ముర్రుపాలు ఎవరివి?

అనగనగా కొండ కిందా వాగు పక్కనా ఉన్న ఒక ఊళ్ళో అందరూ గేదెల్ని పెంచుకునేవాళ్ళే. ఇటు జరుగు నాన్నా, దుప్పటి తన్నకు, చెబుతా. ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. గేదెల సంగతి ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఏ ఇంట్లో గేదె ఈనినా ముందు పైడమ్మకే కబురు వెళ్ళేది. నోరు కొంచెం పెద్దదే గానీ, మనసు వెన్న.

పైడమ్మ కోడలి పేరు నూకాలు. తల్లి లేని పిల్ల కాబట్టి కాన్పు కూడా అత్తింట్లోనే. తొలికాన్పులో మగపిల్లాడు పుట్టాడు. పాపం, వారం తిరక్కుండానే పోయాడు. ఆ తర్వాత రెండేళ్ళకి నూకాలు మళ్ళీ నీళ్ళోసుకుంది. ఈ బిడ్డయినా దక్కుతుందా అని లోపల ఒకటే బెంగ.

ఆ ఊళ్ళో ఒక అలవాటు ఉండేది. బిడ్డ పుట్టాక తల్లికి మొదట వచ్చే పాలు పచ్చగా, చిక్కగా ఉంటాయి. అవి చెడ్డపాలని మూడు రోజుల పాటు పిండి పారబోసేవాళ్ళు. అంతవరకూ బిడ్డ నోట్లో పంచదార నీళ్ళలో ముంచిన గుడ్డవత్తి పెట్టేవాళ్ళు. ఎందుకలా అంటే, పెద్దలు చెప్పారు అనేవాళ్ళు. ఆ పెద్దలకి ఎవరు చెప్పారో మాత్రం ఎవరూ అడగలేదు.

అప్పుడు ఆ ఊరికి సుభద్ర అని ఒక పంతులమ్మ వచ్చింది. పిల్లలకి కాదు, పెద్దవాళ్ళకి బడి. మధ్యాహ్నం పనులు ఒక కొలిక్కి వచ్చాక ఆడవాళ్ళందరూ గడ్డివాము నీడలో కూర్చుని అక్షరాలు దిద్దేవాళ్ళు. నూకాలు 'గేదె' అని రాయడం నేర్చుకుంది. ఇంకేం! గోడ మీద, పొయ్యిగట్టు మీద, ఆఖరికి మొగుడి చొక్కా వీపు మీద కూడా బొగ్గుతో రాసేసింది. చూసుకోకుండా అతను ఆ చొక్కాతోనే సంతకి వెళ్ళొచ్చాడు.

ఒకరోజు పంతులమ్మ, "తల్లికి మొదట వచ్చే పాలే బిడ్డకి బలం, పుట్టిన గంటలోపే పట్టాలి," అంది. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. "ఓలమ్మా, పట్నపోళ్ళ మాటలు!" అన్నారు.

పంతులమ్మ వాదించలేదు. "సరే, నాకు తెలీక అడుగుతున్నాను. గేదె ఈనితే మొదటి పాలు ఎవరికి?" అంది.

"దూడకే!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. "ముర్రుపాలు పట్టకపోతే దూడ నిలబడదు పంతులమ్మా," అంది ఒకామె.

ముర్రుపాలంటే తెలుసుగా? బెల్లం, మిరియాలు వేసి జున్ను చేస్తే నువ్వు గిన్నె నాకేదాకా వదలవే, ఆ పాలే. దూడ కడుపు నిండాకే మనకి జున్ను. ఆ మాట అనేశాక ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ పూట ఇంకెవరూ అక్షరాలు దిద్దలేదు.

ఆ సాయంత్రం నూకాలు భయపడుతూ భయపడుతూ అత్తని అడిగింది. "అత్తా, దూడకి ముర్రుపాలు పడతాం గదా. మన పిల్లలకి పట్టకుండా ఎందుకు పారబోత్తాం?"

పైడమ్మ కస్సుమంది. "దూడా మనిసీ ఒకటేటే? ఆ పంతులమ్మ నీకేటి నూరిపోసిందో!"

రెండోసారి అడగడానికి నూకాలు ఒక్కతే వెళ్ళలేదు. బడిలో ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని వెళ్ళింది. పైడమ్మ దూడ ఒళ్ళు తోముతోంది. "మా అత్త సెప్పింది. ఆయమ్మకి ఆళ్ళత్త సెప్పింది. మీరేటి, పెద్దోళ్ళకన్నా పెద్దోళ్ళా?" అంది.

అప్పుడు నూకాలు మెల్లగా, "మరి దూడకి ముర్రుపాలు పట్టాలని నీకెవులు సెప్పారత్తా?" అంది.

"ఎవులూ సెప్పనేదే. ఒక ఏడాది మూడు దూడలు పోనాయి. అప్పట్నించి ఏది బతికిందో, ఏది పోయిందో సూసి సూసి తెలుసుకున్నాను."

"పిల్లల సంగతి కూడా అలాగే సూసేవా అత్తా?"

పైడమ్మ దూడని తోమడం ఆపేసింది. పిల్లల సంగతి ఆవిడ విన్నదే గానీ చూసి తెలుసుకున్నది కాదు. ఆవిడకీ ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోయారు మరి. అందరూ వెళ్ళిపోయాక కూడా చాలాసేపు ఆ దూడ దగ్గరే కూర్చుండిపోయింది.

మూడోసారి అడగాల్సిన పని పడలేదు. శ్రావణంలో ఒక మంగళవారం పొద్దున నూకాలుకి నొప్పులు వచ్చాయి. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. ఊరంతా వినపడేలా ఏడ్చింది, అచ్చం నీలాగే. పక్కింటి ఆదెమ్మ పంచదార నీళ్ళ గిన్నె, గుడ్డవత్తి పట్టుకుని సిద్ధంగా నిలబడింది. నూకాలుకి వాదించే ఓపిక లేదు. కళ్ళనిండా నీళ్ళతో అత్త ముఖంలోకి చూసింది.

అప్పుడు పైడమ్మ ఏం చేసిందో తెలుసా? "పొద్దుట్నించి నీ కడుపులో ఏటీ నేదు, నువ్వు తాగు," అని ఆ పంచదార నీళ్ళు ఆదెమ్మ చేతే తాగించేసింది! ఆ తర్వాత బిడ్డని తెచ్చి నూకాలు రొమ్ముకి ఆనించింది. బిడ్డ రెండుసార్లు జారవిడిచింది. మూడోసారికి పట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది.

"పిల్లకేటన్నా అయితేనో?" అంది ఆదెమ్మ.

"నాదీ పూచీ," అంది పైడమ్మ. అనడమైతే అంది గానీ, మూడు రోజులూ ఆవిడకి మెతుకు దిగలేదు. గడియకోసారి వచ్చి బిడ్డ ఊపిరి చూసుకునేది. అలా వారం దాటింది. బిడ్డకి బుగ్గలొచ్చాయి. ఇరవై ఒకటో రోజున ఉయ్యాల్లో వేసి, పేరంటాళ్ళని పిలిచారు.

పేరంటాళ్ళు వెళ్ళిపోయాక పైడమ్మ కోడలి పక్కన కూలబడింది. "నీ తొలిసూలు పిల్లడికి కూడా పట్టుంటే బతికేవోడేమోనే. నానే పారబోయించేను. తప్పు నాదేనమ్మా," అని బావురుమంది. అత్త కోడలి దగ్గర తప్పొప్పుకోవడం ఆ ఊరు పుట్టాక అదే మొదటిసారి. నూకాలు కూడా ఏడ్చింది. కోపం రాలేదా అంటావా? వచ్చే ఉంటుంది నాన్నా, రాకుండా ఎలా ఉంటుంది? అయినా బిడ్డని తీసుకొచ్చి అత్త ఒళ్ళో పడుకోబెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం పైడమ్మ బడికి వచ్చింది. "నాకు అచ్చరం ముక్క రాదు," అంది. "మీకొచ్చిందే చెప్పండి," అని పంతులమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. పైడమ్మ అంతా చెప్పింది, తన ముగ్గురు పిల్లల సంగతి కూడా దాచకుండా చెప్పింది.

ఆ ఏడు ఆ ఊళ్ళో ఇంకో ఆరుగురు పుట్టారు. ఎవరికి నొప్పులొచ్చినా పైడమ్మ ముందే వెళ్ళి గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చునేది. ఆవిడని దాటి వత్తి పట్టుకుని లోపలికెళ్ళే ధైర్యం ఎవరికుంది! ఆరుగురూ తల్లిపాలే తాగారు, ఆరుగురూ నిలిచారు.

ఉయ్యాల దూలానికి,
జోలపాట పాపాయికి,
కునుకేమో నీ కంటికి,
కథేమో కంచికి, మనమేమో ఇంటికి.