అష్టమి నాటి కొయ్య

ప్లవ నామ సంవత్సరం, మాఘ మాసం. ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఒక ఇసుక దిబ్బ ఉంది. దాని మీద గేదెల మంద, మేకల మంద, ఒక నక్క కాపురం. ఒడ్డు పొడుగునా బురదలో మడ చెట్ల మొలకలు.

ఏటా గుడ్లు పెట్టి పోయే ముసలి తాబేలు ఆ ఏడు వెంటనే పోలేదు.

"ఒక్క మాట వినండి. తొలిసారి నీళ్ళ నుంచి ఈ దిబ్బకు వంద బారలు పాకాను. ఇప్పుడు నలభై. నేను తిరిగిన తీరాలన్నీ ఇంతే. సముద్రం వేడెక్కి ఉబ్బుతోంది. మడ మొలకల్ని పెరగనిస్తే అవి అలల్ని ఆపుతాయి, మీ మనవలు ఈ దిబ్బ మీద మేస్తారు. లేదంటే చేపలు మేస్తాయి."

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక? సముద్రం నీ చెవిలో ఊదిందా అవ్వా?" అంది మేకపోతు.

నక్కకు గుబులు పట్టింది. మడ దట్టమైతే తాబేళ్ళు ఈ ఒడ్డెక్కవు. గుడ్ల విందు ఉండదు.

"తగువెందుకు మావా? దక్షిణపు ఒడ్డున కొయ్య పాతుదాం. పోటు నీళ్ళు దాన్ని తాకితే అవ్వ మాటే నిజం" అని, అష్టమి దాకా ఆగి అందరినీ పిలిచింది.

అష్టమికి పోటు పొంగదని ఏటి ఒడ్డున పుట్టిన ఎండ్రకాయకైనా తెలుసు. మేకలు ఆ ఏడే మెట్ట నుంచి వచ్చాయి, వాటికి తెలియదు. కొయ్య పొడిగా నిలబడింది.

"చూశావా మావా?"

"కళ్ళారా చూశాను!"

"అష్టమి పోటు పోటే కాదు అబ్బాయ్. అమావాస్యకు రా" అంది ముసలి గేదె.

"పూటకో పరీక్షకు రావడానికి మాకు పనుల్లేవా అత్తా?" అంది మేకపోతు.

గేదె వాదించలేదు. తన మందను ఉత్తరపు సగానికి తోలుకుపోయి, మొలకల్ని ముట్టనివ్వకుండా ఎండుగడ్డితో నెట్టుకొచ్చింది. దక్షిణాన మేకలు చిగురు మిగల్చలేదు. "బురదకు కాపలానా అత్తా?" అని నవ్వేవి. నక్క కొయ్య పక్కనే బొరియ తవ్వి ఏటా అక్కడే పిల్లల్ని పెట్టింది. చెప్పీ చెప్పీ తన అబద్ధం తనకే నిజమైపోయింది.

మూడో ఏడు, క్రోధి సంవత్సరం కార్తీక అమావాస్యకు పెద్ద పోటు, తుఫాను కలిసి వచ్చాయి. ఉత్తరాన నిలువెత్తు మడల్లో అల విరిగి వెనక్కు పోయింది. దక్షిణాన దానికి అడ్డే లేదు.

తెల్లారి నక్క ఒక్కతే తడిసి ఈదుకుంటూ వచ్చింది.

"అత్తా, కాస్త చోటిస్తావా?"

"కూర్చో. నీ కొయ్య ఏది?"

నక్క దక్షిణం వైపు చూసింది; అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు.

కొలిచే రోజు మార్చినంత మాత్రాన సముద్రం తగ్గదు.

ఆ తుఫానులో దక్షిణపు సగం దిబ్బ, ముప్పై ఒక్క మేకలు, మూడు నక్క పిల్లలు పోయాయి.