కొంగ మాస్టారి ఇంగ్లీషు బడి

తుమ్మలగొంది అడవి నడుమ ఒక పెద్ద మడుగు ఉంది. దాని చుట్టూ జింకలు, అడవిపందులు, ఉడుములు, కొంగలు, నీటికుక్కలు కాపురం ఉండేవి. ప్రతి చలికాలం ఉత్తరదేశం నుంచి బాతులు వందలుగా వచ్చి ఆ మడుగులో దిగేవి. వాటి రెట్టలతో నీటికి సత్తువ వచ్చేది, చేపలు బొద్దుగా పెరిగేవి.

నిరుడు ఆ బాతులు తూర్పుగట్టున దిగాయి. అక్కడ వేటగాళ్లు వలలు పన్నారు. "అటు వెళ్లకండి" అని అడవి అంతా అరిచింది గాని, ఆ బాతులకు ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. పన్నెండు బాతులు వలలో పడ్డాయి. మిగతావి వచ్చిన దారినే వెళ్లిపోయాయి. ఆ ఏడు మడుగులో చేప అన్నది వేలెడు మించి ఎదగలేదు. నీటికుక్క మంగతాయి తన ఇద్దరు పిల్లలను అర్ధాకలితో పడుకోబెట్టేది. ఇంకో ఏడు ఇలాగే గడిస్తే పిల్లలు దక్కరని ఆమెకు తెలుసు.

అందుకని అందరూ కలిసి ఇంగ్లీషు నేర్చుకోవాలని తీర్మానించారు. పట్నంలో ఒక ఇంగ్లీషు బడి కిటికీ పక్కన నాలుగేళ్లు గడిపి వచ్చిన కొంగ వాళ్లకు మాస్టారయ్యారు.

"ఇంగ్లీషంటే ఆషామాషీ కాదు. తప్పు మాట్లాడినవాళ్లు పాఠం అయ్యేదాకా ఒంటికాలి మీద నిలబడాలి" అన్నారు కొంగ మాస్టారు.

ఆయనకేం, నిద్ర కూడా ఒంటికాలి మీదే పోతారు. మొదటి రోజే అడవిపంది మూడుసార్లు బోర్లా పడింది. జింకకు కాలు బెణికింది. వారం తిరిగేసరికి బడిలో ఎవరూ నోరు మెదపడం లేదు. "చూశారా, ఒక్కరికైనా సందేహం లేదు" అని మాస్టారు మురిసిపోయారు.

మంగతాయి మాత్రం అడగడం మానలేదు.

"మాస్టారూ, మగవాడైతే హీ, ఆడదైతే షీ అన్నారు కదా. పైన ఎగిరే బాతు ఆడదో మగదో తెలియకపోతే ఏమనాలండీ?"

"అది పరీక్షలో రాదు. నిలబడు."

"డూ నాట్‌ని డోంట్ అంటున్నారు. మధ్యలో ఓ అక్షరం ఏమైపోయిందండీ?"

"నిలబడు."

"గో అన్నది నిన్నటికి వెంట్ అయిందన్నారు. రెంటికీ పోలికే లేదు. ఎందుకండీ?"

ఎందుకో మాస్టారికీ తెలియదు. ఆ మాట ఒప్పుకుంటే పరువు పోతుందని, "మొద్దుబుర్రకు ఎంత చెప్పినా ఇంతే" అన్నారు. బడి అంతా గొల్లుమంది. మంగతాయికి ఏడుపొచ్చింది. అయినా మర్నాడు మళ్లీ వచ్చి ముందు వరసలో కూర్చుంది.

చలికాలం వచ్చింది. ఒక ఉదయం బాతుల గుంపు ఆకాశంలో కనిపించింది. అది తిన్నగా తూర్పుగట్టు వైపే దిగుతోంది. ఈసారీ అక్కడ వలలున్నాయి.

జింక నోరు తెరిచి, తప్పు దొర్లుతుందేమోనని మూసుకుంది. అడవిపంది మాస్టారి వైపు చూసింది. మాస్టారు గొంతు సవరించుకున్నారు. శిష్యులందరి ముందు మాట తేడా వస్తే ఎలాగని ఒక వాక్యం కూర్చారు, దాన్ని మార్చారు, మళ్లీ మొదటికొచ్చారు. ఈలోగా బాతులు చెట్ల ఎత్తుకు వచ్చేశాయి.

మంగతాయి పడమటి గట్టెక్కి గొంతు చించుకుని అరిచింది. "నో గో! నెట్! బ్యాడ్ మ్యాన్! షీ కం, హీ కం, ఆల్ కం హియర్!"

ముందున్న పెద్ద బాతు మెడ తిప్పింది. మరుక్షణం గుంపు మొత్తం పడమటి గట్టుకు మళ్లింది. ఒక్క ఈక కూడా వలకు చిక్కలేదు.

"ఆ మాటల్లో అన్నీ తప్పులే" అన్నారు మాస్టారు, చిన్నబోయిన మొహంతో.

పెద్ద బాతు ఆ మాట పట్టించుకోలేదు. మంగతాయి దగ్గరికి వచ్చి దండం పెట్టింది. అవకాశం దొరికిందే తడవుగా మంగతాయి వచ్చీరాని ఇంగ్లీషులో తన సందేహాలన్నీ అడిగేసింది.

"ఆడో మగో తెలియకపోతే దే అంటే సరిపోతుంది. డోంట్‌లో అక్షరాన్ని తొందరలో మింగేశాం, అది ఉండేదని గుర్తుకు పైన కామా లాంటి గీత పెడతాం" అంది పెద్ద బాతు. గో మాటకొచ్చేసరికి తల అడ్డంగా ఊపింది. "గో వెంట్ ఎందుకయిందో నాకూ తెలియదమ్మా. మా అమ్మమ్మ అలా అనేది, మేమూ అలాగే అంటున్నాం."

ఆ రోజు నుంచి అడవి అంతా పడమటి గట్టుకు చేరి, తోచింది తోచినట్టు అడిగి నేర్చుకుంది. మడుగులో చేపలు బలిశాయి. మంగతాయి పిల్లలు కడుపునిండా తిని నిద్రపోయారు.

కొంగ మాస్టారికీ లోపల బోలెడు సందేహాలున్నాయి. రోజూ వచ్చి అందరి వెనక నిలబడేవారు. రేపు అడుగుదాంలే అనుకుని వెళ్లిపోయేవారు. ఎండలు ముదిరాయి. బాతులు లేచి ఉత్తరదేశం వెళ్లిపోయాయి. మాస్టారి సందేహాలు మాస్టారి దగ్గరే ఉండిపోయాయి.

నీతి: తెలియనిది అడగడానికి సిగ్గుపడకూడదు. అడిగినవారిని చూసి నవ్వకూడదు.