గాజుతొట్టిలో కొర్రమీను పిల్లలు

ఊగూగు నీళ్ళమ్మా, ఉయ్యాల నీళ్ళమ్మా,
గడప దాకా వచ్చి గుటకేసె చేపమ్మా…

ఆ తర్వాత ఇంకో రెండు ముక్కలున్నాయి కన్నా, ఎంత తలుచుకున్నా రావడం లేదు. చివర్న 'తెల్లారె' అని వస్తుంది. మధ్యది పోయింది. మా పిన్ని పాడేది ఈ పాట. ఇవాళ ఆ పిన్ని కథే చెబుతాను. కాలు ఇటు పెట్టు, దుప్పటంతా నువ్వే లాక్కోకు.

అనగనగా ఒక ఊళ్ళో ఒక బియ్యం మిల్లు, మిల్లు పక్కన ఒక పెంకుటిల్లు. ఆ ఇంట్లో మా నాన్నా, నేనూ. నాన్న మిల్లులో బస్తాలు మోసేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు.

అప్పుడు నాన్న కొల్లేటి లంకలోంచి గంగారత్నం అనే ఆవిణ్ణి పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. ఆవిడే మా పిన్ని. వచ్చిన రోజే నన్ను గుమ్మంలో కూచోబెట్టి తల దువ్వింది. "పేలు బాగానే పెంచావే బుల్లీ, సంతకి తోలుకెళ్దామా?" అంది. నేను నవ్వాను. మా ఇంట్లో నవ్వు వినపడి చాన్నాళ్ళయింది మరి.

కానీ పిన్నికి నిద్ర పట్టేది కాదు. వాళ్ళ లంకలో వానాకాలమంతా నీళ్ళు అరుగు దాకా వస్తాయిట. మట్టగిడసలూ కొర్రమీనులూ గాలి కోసం పైకొచ్చి, గుబుక్, గుబుక్ మని గుటకేసి పోతాయిట. పుట్టిందగ్గర్నించీ ఆ చప్పుడు వింటూనే పడుకుంది ఆవిడ. "ఇక్కడ రాత్రి మరీ ఎండిపోయినట్టుందే బుల్లీ," అనేది.

నెల తిరిగేసరికి చిక్కి సగమైంది. ఒక పొద్దున పొయ్యి ముందు కునుకు పట్టి చెయ్యి కాల్చుకుంది. ఆ తర్వాత నాన్న అన్నాడు, "పౌర్ణానికి మీ అన్నయ్యని రమ్మని కబురు పెట్టాను. అప్పటికీ నిద్ర పట్టకపోతే మీ ఊరెళ్ళు రత్నం. నిన్ను చేతులారా చంపుకోలేను."

తలుపు చాటున నేను విన్నాను. పిన్ని వెళ్ళిపోతే మళ్ళీ ఎవరు నాకు తల దువ్వుతారు?

అప్పుడు నాకు మిల్లు షావుకారు గారి గాజుతొట్టి గుర్తొచ్చింది. వాళ్ళ రంగుచేపలు చచ్చిపోతే దాన్ని పెరట్లో పడేశారు. అడిగితే, తీసుకుపొమ్మన్నారు. నేనూ నాన్నా మోసుకొచ్చి పిన్ని మంచం తలాపున పెట్టాం. కొల్లేటిని ఆవిడ దగ్గరికే తెచ్చేద్దామని నా ఆలోచన.

మొదటిసారి ఊరవతల కాలవకెళ్ళి, పాత తువ్వాలు పరిచి పరిగెలు పట్టాను. వెండి రేకుల్లా తళతళలాడే చిన్న చేపలు. తెచ్చి, తొట్టి నిండా కుళాయి నీళ్ళు పోసి, అందులో వదిలాను. ఆ నీళ్ళు బ్లీచింగు మందు కలిపిన నీళ్ళు. సాయంత్రానికి అన్నీ వెల్లకిలా తేలాయి.

రెండోసారి కాలవ నీళ్ళే బిందెలతో మోశాను. బురదలో చేతులు పెట్టి ఒక మట్టగిడసని పట్టాను. అది ఎగిరి దూకుతుందని పక్కింటి వాళ్ళు చెప్పారు. అందుకని తొట్టి అంచుదాకా నీళ్ళు నింపి, పైన చెక్క పలక మూసి, దాని మీద రుబ్బురోలు పొత్రం పెట్టాను. చేపకి నీళ్ళకంటే ఇంకేం కావాలి అనుకున్నాను. పొద్దున్న చూస్తే అది అడుగున పడుంది.

పిన్ని పలక తీసి చూసి, నవ్వాలో ఏడవాలో తెలీక నా నెత్తిన మొట్టింది. "ఓసి నీ తెలివి తెల్లారా! నీళ్ళలో మునిగి చచ్చిన చేపని ఇప్పుడే చూస్తున్నానే. దానికి పైన గాలి ఉండొద్దూ?"

మూడోసారి పౌర్ణం ఇంకో అయిదు రోజులుందనగా వెళ్ళాను. తూటి పొదల పక్కన నీళ్ళ మీద ఎర్రగా ఏదో కదులుతోంది. కుంకుం చల్లినట్టు వందల పిల్లలు. అన్నీ ఒక్క ముద్దగా, పైకీ కిందికీ. నేను తువ్వాలు ముంచి ఎత్తాను. అప్పుడు నల్లగా ఒక పెద్ద చేప వచ్చి నా పిక్క మీద కొట్టింది. భయమేసి గట్టెక్కాను. తువ్వాలు మాత్రం వదల్లేదు.

ఈసారి తొట్టి సగమే నింపాను. పిల్లలు పైకి కనపడనంత దట్టంగా నాచు వేశాను, పైన పాత దోమతెర ముక్క కట్టాను. చీకటి పడ్డాక పిల్లలు ఒక్కొక్కటీ పైకొచ్చి గాలి మింగాయి. చిట్, చిట్, చిట్. వాన చినుకులు మొదలైనట్టు.

పిన్ని నిద్రపోయింది! తెల్లారి పాలవాడు పిలిచినా లేవలేదు. నాన్న కాళ్ళ వేళ్ళ మీద నడిచాడు ఇంట్లో.

ఆ తర్వాత నాచు కోసం నేను రోజూ కాలవకెళ్ళాను. మొదటిరోజు ఆ నల్లచేప తూటి పొద దగ్గరే తిరుగుతోంది. రెండోరోజూ అక్కడే. మూడోరోజూ అక్కడే. ఒకే చోట, చుట్టూ, చుట్టూ. అన్నం సయించలేదు నాకు. చెబితే పిన్ని పిల్లల్ని వదిలేస్తుంది, తనూ వెళ్ళిపోతుంది. చెప్పకపోతే ఆ చేప అట్లా తిరుగుతూనే ఉంటుంది.

నాలుగోరోజు పిన్ని నాకు అన్నం కలుపుతుంటే ఏడుపొచ్చేసింది. అంతా చెప్పేశాను.

పిన్ని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మా లంకలో కొర్రమీను పిల్లల ఎర్ర గుంపు కనపడితే వలెత్తుకుని దూరంగా పోతారే బుల్లీ. ఆ తల్లినీ పట్టరు, పిల్లల్నీ పట్టరు," అంది. చెయ్యి కడుక్కుంది. పిల్లల్ని బిందెలోకి వొంపింది. బిందె చంకనెత్తుకుని నడిచింది, వెనకాల నేను.

తూటి పొద దగ్గర మోకాలి లోతుకి దిగి, బిందె మెల్లిగా పక్కకి వాల్చింది. ఎర్రముద్ద నీళ్ళలో విచ్చుకుంది. కాసేపటికి కింద నల్లగా నీడ కదిలింది. పిల్లలు దాని మీదికి చేరాయి.

"వేరే చేపని పడతాను పిన్నీ," అన్నాను.

"వద్దే. ఏది పట్టినా, ఎక్కడో ఒకటి చుట్టూ తిరుగుతుంది," అంది.

ఆ రాత్రి ఆవిడ మళ్ళీ నిద్రపోలేదు. మర్నాడు పౌర్ణం. వాళ్ళన్నయ్య వచ్చాడు. వెళ్తూ పిన్ని నాకు రెండు జడలేసి, పది రోజుల్లో వస్తానంది. మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదో నాకెవరూ చెప్పలేదు.

కథేమో కంచి దారి పట్టింది,
కొర్రమీను కాలవ దారి పట్టింది,
కన్నమ్మ కళ్ళు నిద్దర దారి పట్టాలి.

పడుకో మరి. ఆఖర్న పిన్ని ఏమందంటావా? నాకప్పటికి అక్షరం ముక్క రాదు. ఆ సంగతి ఆవిడకి తెలీదు, చెప్పడానికి నాకు సిగ్గేసింది. బస్సు కదుల్తుంటే కిటికీలోంచి చెయ్యి చాపి నా గెడ్డం పట్టుకుంది. "పిల్లలు ఎంతెంత అయ్యాయో చూసి, నాకో కార్డు ముక్క రాయవే బుల్లీ."