పడవ అడుగున మసేను

ఊ కొట్టేవాళ్ళుంటేనే కథ నడుస్తుంది, లేకపోతే ఒడ్డునే ఆగిపోతుంది. ఊ కొట్టండి మరి.

చాలా చాలా ఏళ్ళ కిందట, మరపడవలు ఇంకా రాని రోజుల్లో, ఇటు కొండ అటు సముద్రం, మధ్యలో ఇసకలపాలెం అని ఒక ఊరు. ఆ ఊళ్ళో మసేను అని ఒక మనిషి.

మసేనుకి పడవ లేదు. వల లేదు. చుక్కాని ఎవరూ అతని చేతికివ్వలేదు. పడవలో ఎప్పుడూ కాసిన్ని నీళ్ళు ఊరుతాయి కదా, ఆ నీళ్ళు తోడి పారబోయడం అతని పని. పడవ అడుగున కూర్చునేవాడు. వంగేవాడు, ముంచేవాడు, పారబోసేవాడు. వంగేవాడు, ముంచేవాడు, పారబోసేవాడు. అలాగే నలభై ఏళ్ళు గడిచాయి. చేపలు పడితే వల వేసినవాణ్ణి మెచ్చుకునేవారు. పడవ క్షేమంగా వస్తే చుక్కాని పట్టినవాణ్ణి మెచ్చుకునేవారు. నీళ్ళు తోడినవాడి ఊసు ఎవరూ ఎత్తలేదు. ముసలివాడయ్యాక ఆ పనికీ పిలవడం మానేశారు.

ఆ ఊరి బడికి రవణమ్మ పంతులమ్మ వచ్చింది. ఒకరోజు పుస్తకంలో తిమింగలం పాఠం చెబుతోంది.

"తిమింగలం ఎంత ఉంటుంది?" అని అడిగింది.

అసిరి అనే పిల్ల చూపుడువేలు చూపించింది. "ఇంత."

పంతులమ్మ నవ్వబోయి ఆగింది. పుస్తకంలో బొమ్మ నిజంగానే వేలెడంత ఉంది. ఆ ఊళ్ళో పిల్లల్ని పడవ ఎక్కనిచ్చేవారు కాదు. అంతకు రెండేళ్ళ ముందు తుపాను మూడు పడవల్ని మింగేసింది. అప్పట్నుంచి తల్లులు పిల్లల్ని కెరటం దగ్గరికి కూడా వెళ్ళనివ్వడం లేదు. సముద్రం పక్కనే పుట్టిన పిల్లలు సముద్రమంటే హడలిపోతున్నారు.

"వీళ్ళకి తిమింగలాన్ని చూపించాలి" అనుకుంది పంతులమ్మ.

మొదటి ఇంటికి వెళ్ళింది. "పిల్లల గోలకి సేపలు పారిపోతాయి పంతులమ్మా" అన్నారు. రెండో ఇంటికి వెళ్ళింది. అది పెద్ద పడవ ఉన్న కొర్లయ్య ఇల్లు. "ఆడగుంటలు పడవెక్కితే గంగమ్మ తల్లికి కోపమొస్తాది. నేనియ్యను" అన్నాడు. మూడో ఇంట్లో గురవమ్మ ఉంది. తుపానులో మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. పంతులమ్మని లోపల కూర్చోబెట్టింది. తర్వాత అంది: "ఆయన పాత పడవ ఇసకలో బోర్లా పడుంది. బాగుసేసుకుంటే తీసుకెళ్ళు. అడుగునుంచి పై దాకా ఆ పడవ తెలిసినోడు మసేనొక్కడే."

పంతులమ్మ మసేను గుడిసెకు వెళ్ళింది. "తాతా, తిమింగలం ఎక్కడుంటుందో నీకు తెలుసా?"

"నలభై ఏళ్ళు పడవ అడుగునే కూకున్నాను తల్లీ. ఒక్కసారీ సూడనేదు" అన్నాడు మసేను. "గానీ ఇన్నాను."

"విన్నావా?"

"పడవ అడుగు సెక్కకి సెవి ఆనిస్తే కింద ఎవులెవులు తిరగతన్నారో ఇనబడతాది. డాల్ఫిన్లయితే మూకుట్లో ఆవాలు సిటపటలాడినట్టుంటాది. తిమింగలమయితే ముసల్ది నిద్దట్లో మూలిగినట్టుంటాది. పైనున్నోళ్ళకి ఇనపడదు. నాకే ఇనపడతాది."

ఎవరికీ చెప్పలేదా అని అడిగింది పంతులమ్మ. ఎవరూ అడగలేదన్నాడు మసేను.

పడవని తిరగేసి, పలకల సందుల్లో దూది కూరి, గుగ్గిలం కాచి పూశాడు. పదిహేను రోజులు పట్టింది. పంతులమ్మ ఇల్లిల్లూ తిరిగి తల్లుల్ని ఒప్పించింది. చివరికి పదిహేడు మంది పిల్లలు బయల్దేరడానికి సిద్ధమయ్యారు. తెరచాపా చుక్కానీ చూసుకోవడానికి మసేను బావమరిది దానయ్య వచ్చాడు.

చలికాలం, సముద్రం నెమ్మదించిన రోజులు. మొదటిసారి వెళ్ళారు. మసేను చెక్కకి చెవి ఆనించాడు. ఏమీ వినపడలేదు. పిల్లలు వాంతులు చేసుకుని తిరిగొచ్చారు. "మసేనూ, తిమింగలం పులుసు ఏదిరా?" అని ఊరంతా నవ్వింది.

రెండోసారి వెళ్ళారు. మసేను చెవి ఆనించి, చెయ్యి ఎత్తాడు. "వొచ్చి ఇనండి." పిల్లలంతా పడవ అడుగున బోర్లా పడుకున్నారు. చిటపట, చిటపట. "ఆవాలు! ఆవాలు!" అని అరిచింది అసిరి. తలెత్తేసరికి పడవ ముందు డాల్ఫిన్లు గెంతుతున్నాయి. ఒకటి, రెండు, ఇరవై. ఆ రోజు ఊళ్ళో నవ్వు సగానికి తగ్గింది.

మూడోసారి వెళ్ళారు. ఒడ్డు సన్నటి గీతలా కనిపించే దూరానికి వచ్చాక, నీళ్ళలో కొట్టుకొస్తున్న దుంగ ఒకటి పడవకి తగిలింది. పెద్దగా చప్పుడు కాలేదు. కానీ పాత పలక సందు విచ్చుకుంది. మసేను పాదాలు చల్లబడ్డాయి. చూస్తే చీలమండల దాకా నీళ్ళు.

"దానయ్యా, ఒడ్డుకి తిప్పు" అన్నాడు మెల్లగా. సందులో తన తలగుడ్డ కూరాడు. అయినా నీళ్ళు ఆగలేదు. ముంత అందుకున్నాడు. వంగాడు, ముంచాడు, పారబోశాడు.

పంతులమ్మ కొంగు దోపుకుంది. "నేనూ తోడతాను తాతా."

"నా సెయ్యి సాలు తల్లీ. నువ్వు పిల్లగుంటల్ని సూసుకో. అందరూ ఒక పక్కకి ఒరిగినారంటే పడవ తిరగబడిపోద్ది."

వంగాడు, ముంచాడు, పారబోశాడు. అప్పుడు అతని కాళ్ళ కిందనుంచి వచ్చింది ఆ మూలుగు. చెవి ఆనించక్కర్లేకపోయింది. పలకలన్నీ వణికాయి. నలభై ఏళ్ళలో అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు.

"కూకోండి!" అని అరిచాడు. "ఏది కనపడినా లెగవకండి. కూకొనే సూడండి!"

పడవ పక్కన సముద్రం ఉబ్బింది. పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఒక్కరూ లేవలేదు.

"తాతా, సూడు! తాతా!" అంది అసిరి.

మసేను తల ఎత్తలేదు. తల ఎత్తితే చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగితే నీళ్ళు పెరుగుతాయి. "నాకు కుదరదమ్మా. నువ్వు సూసి సెప్పు."

అసిరి చెప్పింది. "నల్లగుంది తాతా. తడిసిన కొండ లాగుంది. ఇంకా అయిపోనేదు, ఇంకా వొస్తానే ఉంది."

వంగాడు, ముంచాడు, పారబోశాడు. "ఇంకా?"

"ఊపిరి ఇడిసింది తాతా! జల్లు తెరసాప కంటే ఎత్తుకి లెగిసింది!" అన్నాడొకడు. "కంపు తాతా, ఎండుసేపల కంపు!" అన్నాడింకొకడు. జల్లు వచ్చి మసేను వీపు మీద పడింది.

"ఇంకా? ఇంకా సెప్పండి."

"కన్ను తాతా." ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఒకతి చెప్పింది. "సిన్న కన్ను. ఆవు కన్ను లాగుంది. మనల్నే సూస్తోంది. దాని పక్కన పిల్ల కూడా ఉంది. అమ్మకి ఆనుకొని ఈదతాంది."

"పిల్ల కూడానా!" అన్నాడు మసేను. చెయ్యి మాత్రం ఆగలేదు. పిల్లలు చెబుతూనే ఉన్నారు, అతను తోడుతూనే ఉన్నాడు. తోక ఎత్తి అది మునిగిపోయేదాకా చెప్పారు. ఆ తర్వాత పిల్లల్లో పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి దోసిళ్ళతో నీళ్ళు తోడారు. చివరికి పడవ ఒడ్డున ఇసుక తాకింది.

ఒడ్డున తల్లులు నిలబడి ఉన్నారు. పడవలో మోకాళ్ళ దాకా నీళ్ళు చూసి గొల్లుమన్నారు. తిడతారని మసేను తల దించుకున్నాడు. కానీ పిల్లలు అప్పటికే చెప్పడం మొదలెట్టారు. పదిహేడు నోళ్ళూ ఒకేసారి. వింటూ వింటూ గురవమ్మ పడవలోకి తొంగి చూసింది. విచ్చుకున్న పలక చూసింది. మసేను అరచేతులు తిప్పి చూసింది. తోలు ఊడిపోయి ఎర్రగా ఉన్నాయి. ఆ చేతుల్ని కళ్ళకి అద్దుకుంది. వెనకాల ఒక్కొక్క తల్లీ వచ్చి అలాగే అద్దుకుంది.

నాలుగు రోజులాగి కొర్లయ్య మసేను గుడిసె ముందు నిలబడ్డాడు. "ఈపాలి నా పడవ తీసుకెళ్ళు మసేనన్నా. గట్టిది. నువ్వు తోడక్కర్నేదు. ముందు కూకొని సూడు."

అప్పట్నుంచి ఏటా చలికాలంలో ఆ బడి పిల్లలు పడవలో వెళ్ళారు. ఆడపిల్లలూ వెళ్ళారు. డాల్ఫిన్లని మసేను కళ్ళారా చూశాడు. తిమింగలం మాత్రం అతనున్నన్నాళ్ళూ మళ్ళీ రాలేదు.

"ఒక్కసారి తలెత్తి చూడాల్సింది కదా తాతా" అంది పంతులమ్మ ఒకరోజు.

"సూడకపోడమేటి తల్లీ? పదేడు మంది కళ్ళతో సూసినాను. రెండు కళ్ళున్నోడికి అంత కనపడతాదేటి?" అన్నాడు మసేను.

ఒక చలికాలం పొద్దున మసేను లేవలేదు. ఇసుకదిబ్బ వెనక అతన్ని పూడ్చిపెట్టారు. ఆ వారమే పిల్లల పడవ వెళ్ళింది. తిరిగొచ్చాక ఎవరూ చెప్పకుండానే పిల్లలు ఆ దిబ్బ వెనక్కి పరుగెత్తారు. మసేను చుట్టూ కూర్చుని, చూసిందంతా అతనికి చెప్పారు.

చేపల వేటకెళ్ళిన పడవలో, పడ్డ చేపల్లో ఎవరి వాటా వాళ్ళకి ఉంటుంది. ఇసకలపాలెంలో పిల్లల పడవకీ ఒక వాటా ఉంది. దాని పేరు మసేను వాటా. సముద్రం మీద ఏది చూసినా, రాలేకపోయినవాళ్ళకి చెప్పి తీరాలి. చెప్పకుండా దాచుకున్నవాడికి సముద్రం మరేదీ చూపించదని అక్కడ నమ్మకం. అందుకే పడవ ఒడ్డుకి రాగానే పిల్లలు తడి బట్టలతోనే ఊళ్ళోకి పరుగెడతారు. జ్వరంతో పడుకున్నవాళ్ళింటికి, కాళ్ళు కదలనివాళ్ళింటికి, చూపు పోయిన ముసలమ్మల దగ్గరికి. గుమ్మంలో నిలబడి ఒగరుస్తూ అంటారు:

"అవ్వా, తలుపు తియ్యి! మసేను వాటా తెచ్చాం."