చెంచా దించని మహారాణి

అనగనగా ఒక ఊళ్ళో కాదర్రా, ఏడు సముద్రాల అవతల, మంచు కురిసే యూరప్‌లో ఒక పెద్ద కోటలో జరిగింది ఈ కథ. పొగబండి కొత్తగా వచ్చిన కాలం. ఆ దేశాన్ని పటంలో వెతక్కండి, దొరకదు. అక్కడి చక్రవర్తికి కొత్తగా పెళ్ళయింది. పెళ్ళికూతురు ఒటీలియా. చక్రవర్తి భార్య గనక సామ్రాజ్ఞి. సామ్రాజ్ఞి అంటే? రాణులకే రాణి. ఊఁ అనాలి మరి!

కొండల్లో గొర్రెపిల్లల వెంట పరుగెత్తుతూ పెరిగిన పిల్ల. పెళ్ళి కాగానే మొగుడు సరిహద్దుల్లో సైన్యాన్ని చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. మిగిలింది అత్తగారు. ఆవిడ నవ్వితే గోడమీది పటాలు ఉలిక్కిపడేవి, అంత అరుదు.

రోజూ మధ్యాహ్నం వీధంత పొడుగు బల్ల ముందు దొరలూ దొరసానులూ భోజనానికి కూర్చునేవారు. మన ఇళ్ళల్లో ఇల్లాలు అందరికీ పెట్టి ఆఖర్న తింటుందా? అక్కడ తిరగేసి. మొదటి వడ్డన సామ్రాజ్ఞికే. ఆవిడ చెంచా కింద పెట్టిందా, అందరి భోజనాలూ అయిపోయినట్టే! సగం తిన్నా, అసలు తినకపోయినా నౌకర్లు పళ్ళాలు లాగేసేవారు. పైగా ఆవిడ అడగందే, అత్తగారు తప్ప ఇంకెవరూ ఆవిడతో మాట్లాడకూడదు. అత్తగారేమో చెప్పే మనిషి కాదు.

మరి ఈ సంగతి ఆ పిల్లకు ఎవరు చెబుతారు? పుట్టింటి బెంగతో నాలుగు చెంచాల సూపు తాగి, లేచి వెళ్ళిపోయేది. అందరూ తినేశారనే అనుకునేది. ఇంకేముంది?

రాణికి బెంగొస్తే చెంచా దిగె,
చెంచా దిగితే పళ్ళాలు లేచె,
పళ్ళాలు లేస్తే కడుపులు కాలె,
కడుపులు కాలితే మొహాలు మాడె,
మొహాలు మాడితే రాణికి మళ్ళీ బెంగొచ్చె!

నేనంటే ఇక్కడ ఎవరికీ గిట్టదు, అనుకుంది పిచ్చిపిల్ల. చిక్కి సగమైంది. చివరికి, రేపు పుట్టింటికి పోతాను, మళ్ళీ రానే రాను, అని పెట్టె సర్దేసింది. మొగుడికి చెప్పకుండానేనా అంటావేమే మృదులా? చెప్పకుండానే.

ఆ మధ్యాహ్నం భోజనాల గదిలో విసనకర్ర మరిచిపోయి వెనక్కి వచ్చింది. తెర వెనక ఎవరో నములుతున్న చప్పుడు! తెర లాగింది. చూస్తే ముసలి సేనాపతి బ్రూనో. ఛాతీ నిండా పతకాలు, బుగ్గ నిండా ఉడకేసిన బంగాళాదుంప. ఫిరంగులకు జడవనివాడు చేతిలో మిగిలిన ముక్క గబుక్కున వీపు వెనక దాచుకున్నాడు.

"ఇదేమిటండీ, ఇప్పుడేగా భోంచేశారు?" అందావిడ.

"మీరు అడిగారు గనక చెప్పొచ్చు తల్లీ," అన్నాడు దుంప మింగి. "బల్ల చివరికి వాసనే వస్తుంది, వంటకం రాదు. మీరు చెంచా దించగానే మా పళ్ళెం ఎగిరిపోతుంది."

"అయితే ఆ మాడు మొహాలు నా మీద కోపం కాదా?"

"కోప్పడ్డానికైనా ఓపిక ఉండాలి కదమ్మా!"

వెంటనే అత్తగారి దగ్గరికి వెళ్ళి, ఈ ఆచారం తీసేద్దామంది. ఆవిడ ససేమిరా అంది. "మా అత్తగారి నాటి ఆచారం. కోడలివి, కోడల్లా ఉండు."

సరే, ఆచారం ముట్టుకోకుండానే ఒక్క పూట చూద్దామని మర్నాడు పుట్టింటికి పోవాల్సిన గుర్రబ్బండిని ఆపించింది ఒటీలియా. సూపు రుచి చూసింది. చెంచా మాత్రం దించలేదు. సూపు చల్లారింది. దించలేదు. బల్ల చివరిదాకా చూస్తూ కూర్చుంది.

"ఇంకా అవలేదా?" అంది అత్తగారు.

"తింటూనే ఉన్నానత్తయ్యా. ముందు దించితే ఆచారం, దించకపోతే అనాచారమా?"

ఈలోగా మాంసం చివరిదాకా వెళ్ళింది, రొట్టె వెళ్ళింది, తీపి వెళ్ళింది. "తీపి ఎలా ఉంది సేనాపతిగారూ?" అని అడిగింది ఒటీలియా. "ఇలాంటిదొకటి వండుతారని ఇవాళే తెలిసిందమ్మా!" అన్నాడు. బల్లంతా గొల్లున నవ్వింది. మొహాలన్నీ మతాబుల్లా వెలిగాయి. గుర్రబ్బండి ఖాళీగానే గుర్రాల సాలకు తిరిగిపోయింది.

అప్పుడు అత్తగారు పళ్ళెం మెల్లిగా ముందుకు జరిపింది. "నాకూ ఇంకాస్త వెయ్యమను. మా అత్తగారు పిట్టలా తినేది, తెలుసా?" అంది. కోడలు తన చేత్తోనే వడ్డించింది.

ఒటీలియా చాలాకాలం చల్లగా ఏలింది. ఆమెకు పెట్టిన విగ్రహాలు మంచుకు అరిగిపోయాయి గానీ, ఆఖరివాళ్ళు తినేదాకా ఇల్లాలు చెంచా దించకపోవడం ఆ దేశంలో అలాగే నిలిచిపోయిందట. కాబట్టి పిల్లలూ, ఎవరైనా మొహం మాడ్చుకుని కనబడితే కోపమొచ్చిందనుకోకండి. ముందు, అన్నం తిన్నావా అని అడగండి.

కథేమో కంచి బాట పట్టింది, మనం దుప్పట్లోకి దూరదాం.