నక్క గుమ్మం ముందు ప్రమాదం

నల్లరాతి కొండ మీద బతికే జీవాలన్నిటికీ నీళ్లు దొరికేది ఒక్కచోటే, కింద పారే గెడ్డలో. గెడ్డకి దిగే దారి కూడా ఒక్కటే. పై సగం బాగుంటుంది, వెడల్పుగా, పిల్లలు దొర్లి ఆడుకునేంత నున్నగా. నక్క చలమయ్య బొరియ ఆ సగంలోనే ఉంది. కింది సగంలో మాత్రం ఒక పెద్ద బండ దారిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని చుట్టూ దారి గిరుక్కున తిరుగుతుంది. ఆ మలుపులో అవతలినుంచి ఎవరొస్తున్నారో ఇవతలవాళ్లకి కనబడదు.

అడవిదున్నల మంద దాహమేస్తే చాలు, వేళాపాళా లేకుండా ఆ దిగుడులో పరుగెత్తుకొస్తుంది. అవేం చెడ్డవి కావు. కానీ అంతంత ఒళ్లు దిగుడులో ఆగమంటే ఆగుతుందా? నిరుడు తాబేలు నూకాలు చెల్లెలు ఆ మలుపులోనే మంద కాళ్లకింద పడి చనిపోయింది. కుందేలు పైడయ్య ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తున్నాడంటే అదీ ఆ మలుపు చలవే. ఇప్పుడు నూకాలు కడుపుతో ఉంది. గుడ్లు పెట్టడానికి గెడ్డ ఒడ్డు ఇసుకే కావాలి. ఇసుకకి వెళ్లాలంటే మలుపు దాటాలి. తాబేలు నడకతో అది దాటడమంటే మాటలా? రోజూ మలుపు దాకా వెళ్లడం, గిట్టల చప్పుడు వినగానే వెనక్కి రావడం. నెలలు నిండుతున్నాయి, ఆమెకి దిగులు పెరుగుతోంది.

అలాంటి రోజుల్లో సింహం సర్కారు నుంచి గోరువంక వచ్చి చాటింపు వేసింది.

"వినండహో! దారుల్లో జీవాలు చచ్చిపోతున్నాయని ప్రభువులవారికి బెంగ పట్టుకుంది. ఏ కొండవాళ్లు ఆ కొండలో కూర్చుని, మా దారిలో ఫలానా చోటు ప్రమాదమని తేల్చండి. ఒక్కచోటే చెప్పాలి. దాన్ని బాగుచేయడానికి ఏనుగులొస్తాయి, రాళ్లొస్తాయి. మీరు గడ్డిపరక కూడా పెట్టక్కర్లేదు!"

అక్కడిదాకా విని చలమయ్య లేచిపోయాడు. కొండకి దారి కమిటీ పెద్ద ఆయనే. రాళ్లన్న మాట వినగానే నోట్లో నీళ్లూరాయి. గోరువంక ఇంకా ఏదో చెబుతూనే ఉంది. ఆ మిగతాదంతా నూకాలు విన్నది. లేచిపోదామన్నా ఆమెకి అంత తొందరగా లేవడం రాదు కదా!

ఆ సాయంత్రమే చలమయ్య కమిటీ పెట్టాడు.

"మన దారిలో ప్రమాదమైన చోటు మా గుమ్మం ముందే," అన్నాడు.

"అక్కడేటి ప్రమాదం మావా?" అన్నాడు పైడయ్య. "అక్కడ చీమ కూడా జారిపడలేదు కదా!"

"నువ్వూరుకోరా! చోటు చూడ్డానికి సర్కారు ఏనుగు సారు వచ్చేది పైనుంచి. ఆయన కంట ముందు పడేది మా గుమ్మం. అక్కడ పలకరాళ్లు పరిపించి, అరుగు వేయించి, ఒక కమాను నిలబెట్టామనుకో, సర్కారు మన కొండని మెచ్చుకుంటుంది. మలుపు చూపిస్తే ఏముంది, పరువు పోవడం తప్ప?"

"మలుపులో నా చెల్లి పోయింది బాబూ," అంది నూకాలు.

"ఇప్పుడు మలుపు బాగుచేస్తే తిరిగొస్తుందేటి?" అన్నాడు చలమయ్య.

నూకాలుకి ఒళ్లు మండిపోయింది. తల లోపలికి లాక్కుని కాసేపు డిప్పలోనే ఉండిపోయింది. మళ్లీ బయటికి వచ్చేసరికి మొహం చల్లగా ఉంది.

"నువ్వన్నదే నిజం బాబూ. ప్రమాదం నీ గుమ్మం ముందే. సారు రాగానే మేమంతా అదే చెబుతాం. గట్టిగా చెబుతాం."

ఇవతలికి రాగానే పైడయ్య ఆమె వెంట పడ్డాడు. "నీకు మతి పోయిందేటి అప్పా?"

"రేపు నేనేదంటే దానికి ఇంకో రెండు కలిపి చెప్పు. మిగతాది నాకొదిలేయ్."

మర్నాడు ఏనుగు సారు వచ్చింది. చలమయ్య తేనెపట్టు తెచ్చి ముందు పెట్టాడు, మెడలో తీగమాల వేశాడు. మాల సగం మెడకే సరిపోయింది, అది వేరే సంగతి.

"ప్రమాదమైన చోటు ఏది?" అని అడిగింది ఏనుగు.

"ఇదే సార్, మా గుమ్మం ముందే. ఘోరం సార్!"

"అవును సార్," అంది నూకాలు. "నా చెల్లి ఇక్కడే పోయింది."

"నా కాలు ఇక్కడే విరిగింది," అన్నాడు పైడయ్య. నూకాలు తనవైపు చూసేసరికి అతను ఇంకోటి కలిపాడు. "మా తాత కాలు కూడా ఇక్కడే విరిగింది సార్! అప్పటికి నేను పుట్టలేదు గానీ, కళ్లారా చూశాను."

"చలమయ్య బాబు పిల్లలకి కంటి మీద కునుకు లేదు సార్," అంది నూకాలు. "మంద ఎప్పుడొచ్చి మీద పడుతుందోనని."

చలమయ్య పొంగిపోయాడు. "విన్నారా సార్, జనం గోడు!"

ఏనుగు తొండంతో నేల తట్టి చూసి తలాడించింది. "ఇంత ప్రమాదమైతే ఆలస్యం చేయకూడదు. ముందు ఈ బొరియ పూడ్పించేద్దాం."

"ఏ బొరియ సార్?"

"మీదే. చాటింపులో చెప్పారు కదా? ప్రమాదం తేలిన చోట దారిపక్కనున్న కొంపలన్నీ ఖాళీ చేయించి పూడ్చాకే పని మొదలుపెట్టాలి. మీకు కొండ అవతల చోటిస్తాం. అక్కడ నీళ్లు కాస్త దూరం, సర్దుకోవాలి."

అంటూనే బొరియ అంచు మీద కాలు మోపింది. జలజలా మట్టి రాలింది. లోపల నక్కపిల్లలు కెవ్వుమన్నాయి.

"పిల్లల ప్రాణం కంటే ఇల్లు ఎక్కువేటి బాబూ?" అంది నూకాలు. "ఈరోజే పూడ్చేయండి సార్."

చలమయ్యకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆగండి సార్! ఇక్కడేం ప్రమాదం లేదు! నేను పుట్టి బుద్ధెరిగాక ఇక్కడ ఎవరికీ గోరు కూడా చిట్లలేదు!"

"మరి వీళ్ల చెల్లెలూ, కాలూ?"

"అవన్నీ కింద మలుపులో సార్! ఆ బండ అడ్డం. మంద దిగుతుంటే అవతలివాళ్లు కనబడరు. ఏటా ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. రండి, నేనే చూపిస్తా!"

అని తనే ముందు పరుగెత్తాడు. ఎవరు ఎక్కడ పడ్డారో, మంద ఎటునుంచి ఎలా వస్తుందో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆ మలుపు కష్టం అంత బాగా ఇంకెవరూ చెప్పలేరు, నిజం ఒప్పుకోవాలి.

చెబుతుండగానే గిట్టల చప్పుడు. మందకి ముందున్న అడవిదున్న సింహాద్రి బండ తిరగ్గానే ఎదురుగా ఏనుగును చూసి నాలుగు కాళ్లూ బిగించాడు. అయినా జారుకుంటూ వచ్చి ఏనుగు కాలికి తగిలి ఆగాడు. వెనకున్నవి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏనుగు ఒళ్లంతా దుమ్ము.

"తప్పయిపోయింది సార్," అన్నాడు సింహాద్రి తలవంచి. "దిగుడులో కాళ్లు మా మాట వినవు. నిరుడు ఆ తాబేలమ్మ పోయాక నాకూ తిండి సయించలేదు."

"మీరు ఆగాలంటే ఏం చేయాలి?"

"ఉప్పు సార్. ఉప్పురాయి కనబడితే మావాళ్లు ఎంత దాహం మీదున్నా నాలుక పెట్టకుండా కదలరు."

ఆ వారమే ఏనుగులొచ్చాయి. బండను పక్క లోయలోకి దొర్లించేశాయి. దిగుడుకు అడ్డంగా అక్కడక్కడా రాళ్ల వరసలు పరిచాయి. దిగుడు మొదలయ్యే చోట ఉప్పురాళ్లు పాతాయి. ఇప్పుడు మంద అక్కడ ఆగుతుంది, తీరిగ్గా నాకుతుంది, ఆ తర్వాత ఒక్కొక్కటే రాళ్ల మీద అడుగులో అడుగేసుకుంటూ దిగుతుంది.

పని పూర్తయిన రోజే నూకాలు బయల్దేరింది. ఆమె నడిమధ్యలో ఉండగానే మంద వచ్చింది. భయంతో ఆమె తల లోపలికి లాక్కుంది.

"నడువమ్మా, మాకేం తొందర లేదు," అన్నాడు సింహాద్రి పైనుంచి, ఉప్పు నాకుతూ.

ఆమె దాటింది. ఇసుక తవ్వి గుడ్లు పెట్టి కప్పేసింది. చెల్లెలు గుర్తొచ్చి కాసేపు ఏడ్చింది. ఏడ్చాక మనసు తేలికపడింది, ఎండలో హాయిగా కళ్లు మూసుకుంది.

కమాను లేదు, అరుగు లేదు. చలమయ్య మాత్రం ఇప్పటికీ గుమ్మంలో కూర్చుంటాడు. ఆ దారిన పోయే ప్రతివాడూ అక్కడికి రాగానే కాలు జారినట్టు నటించి "అమ్మో, ఘోరం సార్!" అంటాడు. పిల్లలు కూడా నవ్వుతుంటే పాపం ఆయన ఎటు చూడాలో తెలియక ఆకాశంలోకి చూస్తాడు.

నీతి: పదిమందికి వచ్చిన సాయాన్ని తన గుమ్మానికి మళ్లించుకోబోయేవాడికి ముందు కదిలేది ఆ గుమ్మమే.