గజదొంగ గుమ్మడయ్య మనవడు

అనగా అనగా ఒక రాజు. పేరు అడక్కండి, కథ ఆయనది కాదు, ఆయన మూడో కొడుకు జయకేతుడిది. అన్నలిద్దరూ పెద్దరాణి బిడ్డలు. జయకేతుడు చిన్నరాణి కొడుకు. ఆ చిన్నరాణి తండ్రి ఎవరనుకున్నారు? గజదొంగ గుమ్మడయ్య! చేత్తో నిమిరి దేని రంగైనా మార్చేసేవాడు. నల్లావును తెల్లావు చేసి దాని సొంతదారుకే అమ్మిన ఘనుడు. ఆ విద్య మనవడికి నేర్పి మరీ కన్నుమూశాడు.

"దొంగ మనవడా!" అని అన్నలు వెక్కిరించేవాళ్లు.

"అవును, గుమ్మడయ్య మనవణ్ణే!" అని జయకేతుడు మీసం దువ్వేవాడు. ఇంకా రాలేదు లెండి, అయినా దువ్వేవాడు.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు పొరుగుదేశపు రాకుమారి హేమవల్లిని ఎత్తుకుపోయాడు. పెద్దన్న కత్తి పట్టుకుని వెళ్లి రాయయ్యాడు. రెండో అన్న గద పట్టుకుని వెళ్లి రాయయ్యాడు. జయకేతుడు ఉత్తచేతులతో బయల్దేరాడు.

"వెక్కిరించినా నా అన్నలే కదమ్మా, తెచ్చుకుంటాను" అన్నాడు తల్లితో.

ఏడు సముద్రాలూ దాటి వెళ్లేసరికి మాంత్రికుడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. గడప దగ్గర రాళ్లై పడున్న అన్నల్ని చూసి జయకేతుడికి ఏడుపొచ్చింది. పంజరంలో చిలక గుసగుసలాడింది.

"అబ్బాయీ, వాడి ప్రాణం నాలో ఉంది. నేను గడప దాటితే వాడి పని సరి. కానీ వాడు తప్ప నన్నెవరు దాటించబోయినా మీ అన్నల్లా రాయైపోతారు."

"అయితే వాడిచేతే దాటిద్దాం. కావుకావుమనడం వచ్చా నీకు?"

"ఈ పంజరం వదుల్తుందంటే గాడిదలా ఓండ్రపెడతాను!"

జయకేతుడు చిలకను నిమిరాడు. ముక్కూ నలుపే, రెక్కా నలుపే. పంజరం తలుపు తీసి తను స్తంభం చాటున నక్కాడు.

"కావ్! కావ్!"

మాంత్రికుడు ఉలిక్కిపడి లేచాడు. "అయ్యయ్యో, ఇంట్లో కాకి దూరిందే! ఎంత అపశకునం! ఛీ, ఫో!" అంటూ చీపురెత్తి తనే గడప దాకా తరిమాడు. బయట పడగానే కాకి రెక్కలు దులుపుకుంది. పచ్చటి చిలక!

"నా చిలకా!" అని గొల్లుమన్నాడు వాడు.

"గుమ్మడయ్య మనవడు దొంగతనం చేస్తే సొంతదారే సాగనంపుతాడయ్యా!" అన్నాడు జయకేతుడు.

మాంత్రికుడు బూడిదై కూలాడు. అన్నలు లేచి తమ్ముణ్ణి కావలించుకున్నారు. చెర వీడిన హేమవల్లి మనసుపడి జయకేతుణ్ణి పెళ్లాడింది. అన్నలే పట్టుబట్టి కిరీటం అతనికి పెట్టించారు.

పట్టాభిషేకం నాడు వందిమాగధులు అతని తండ్రి వంశమంతా పొగిడి, తల్లి వైపుకొచ్చేసరికి నీళ్లు నమిలారు. చిన్నరాణి తల దించుకుంది. పెద్దన్న దిగ్గున లేచాడు.

"ఆపారేం? గజదొంగ గుమ్మడయ్యగారి మనవడు! గట్టిగా చెప్పండి!"

సభ దద్దరిల్లింది. చిన్నరాణి తలెత్తింది. జయకేతుడు చల్లగా నూరేళ్లు ఏలాడు. ఆ నూరేళ్లూ కొలువులో మొదట పలికిన పేరు గుమ్మడయ్యదే.